చెరిపెయ్యమని అడిగినాయన

వంతెన కొట్టుకుపోయిన వరద తర్వాతి ఏడు జరిగిన సంగతి ఇది. మా ఊళ్ళో ఇప్పటికీ ఏళ్ళని ఆ వరదతోనే లెక్కపెడతారు. దానికి ముందు పుట్టాడా, వెనక పుట్టాడా అని అడుగుతారు. గోడల మీద నీటి చార ఇంకా ఉంది. మా కొట్టులో నా భుజం ఎత్తున ఉండేది. చిన్న యజమాని సున్నం వేయించాడు. చార మళ్ళీ తేలింది. ఇంకోసారి వేయించాడు. మళ్ళీ తేలింది. ఊరుకున్నాడు.

నేను పళ్ళు కడతాను. డాక్టరు నోటి కొలత తీసి పంపితే దాంట్లో ప్లాస్టర్ పోసి దవడ అచ్చు తీస్తాం. ఆ అచ్చు మీద మైనంతో పళ్ళు నిలబెట్టి, ఆ తర్వాత అసలు పళ్ళు కడతాం. పని అయ్యాక అచ్చు పారెయ్యం. మనిషి పళ్ళు విరగ్గొట్టుకుని మళ్ళీ రాకపోడు. అందుకని గోడ పొడుగునా చెక్క అరలు, అరల నిండా తెల్లటి దవడలు. కొత్తవాళ్ళు చూసి జడుసుకునేవారు. నాకు అవి తోటి పనివాళ్ళే. పైగా మాట్లాడవు.

నేనూ పెద్దగా మాట్లాడను. మా బావ, అంటే చెల్లెలి మొగుడు, నా వాటా కూడా కలిపి మాట్లాడేవాడు. తాళాలు బాగుచేసేవాడు ఆయన. ఊరంతా తాళాలాయన అనేది. "లోకంలో నా వల్ల కాని తాళం ఒక్కటే, మా బావ నోరు" అని నలుగురిలో అనేవాడు. "నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయని భయమా బావా? పోతే పోనీ, నీ కొట్టులోనే కట్టించుకో, చవగ్గా పడతాయి" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. ఆయనకి అది చాలు.

చేతులు రెండూ పనిలో ఉంటే తాళంచెవి పళ్ళ మధ్య పెట్టుకునే అలవాటు ఆయనకి. చెల్లెలు ఎంత తిట్టినా మానలేదు. ఒకరోజు పైన ముందు పళ్ళు రెండు లేచిపోయాయి. నేనే కట్టాను. పెట్టుకుని అద్దంలో చూసుకుని, "నువ్వు కట్టిన పళ్ళే కదా, ఇకనుంచి నీ మీదే నూరుతాను" అన్నాడు. ఆయన అచ్చు కూడా పై అరలోకి పోయింది.

వరద రోజు పొద్దున పైన ఆనకట్ట నుంచి నీళ్ళు వదులుతారని చాటింపు వేశారు. కింది బజారులో ఒక కొట్టు షట్టరు బిగుసుకుపోయింది. సరుకంతా లోపల ఉంది, వచ్చి తెరవమని కబురు పెట్టారు. బావ పనిముట్ల పెట్టె తీసుకుని వెళ్ళాడు. ఫోను చార్జింగులో ఉంటే, "ఉండనీ, ఇప్పుడే వస్తాగా" అన్నాడు. షట్టరు తెరిచాడట. మూటలు మోస్తూ ఉండగా నీళ్ళు వచ్చాయట. కొట్టువాడు మేడ ఎక్కాడు. బావ ఎక్కడం ఎవరూ చూడలేదు.

అంతే. మనిషీ లేడు, పెట్టే లేదు, నడుముకి వేలాడే తాళాల గుత్తీ లేదు. ఆ గుత్తికి ఒక రేకుబిళ్ళ ఉండేది. దాని మీద ఫోను నంబరు చెక్కించుకున్నాడు. గుత్తి ఎవరికైనా దొరికితే ఆ నంబరుకి చేస్తారని చెల్లెలు ఆ ఫోను ఆరిపోకుండా చూసుకునేది. పగలు బీరువాలో, రాత్రి దిండు కింద. డబ్బు కట్టేది, చార్జింగు పెట్టేది. ఎవరూ చెయ్యలేదు.

ఇక్కడ కొట్టు సంగతి కొంత చెప్పాలి.

వరదకి ముందే కొత్త చట్టం వచ్చింది. కొట్టుకి వచ్చినవాళ్ళ వివరాలు కొట్టువాళ్ళ సొత్తు కాదు, ఆ మనిషి సొత్తే. నా వివరాలు ఏమున్నాయో చూపించు అంటే చూపించాలి. తీసెయ్యి అంటే తీసెయ్యాలి. నెలన్నర గడువు. మంచి చట్టమే. చిన్న యజమాని మాత్రం మొదట్లో చెవిన పెట్టలేదు. ఒక టీచరమ్మ తన వివరాలు తీసెయ్యమంది. కంప్యూటరులోంచి తీశారు. అచ్చు మాత్రం కొట్టు ముందు అద్దాల బీరువాలో ఉండిపోయింది. ఆమెకి పక్కన ఒక ఎత్తు పన్ను ఉండేది. పని నీటుగా కుదిరిందని నేనే ముందు వరసలో పెట్టాను. ఒకనాడు ఆమె ఆ దారిన పోతూ ఆగింది. లోపలికి వచ్చింది.

"నన్ను తీసేశామని కాగితం పంపారు. మరి ఆ అద్దంలోంచి నన్ను చూసి ఇకిలిస్తున్నదెవరు?" అంది.

మాకు నవ్వు వచ్చింది. తర్వాత జరిమానా వచ్చింది. ఆ దెబ్బకి చిన్న యజమాని తాడుని చూసినా పామనే వరస అయ్యాడు. అచ్చుల మీద పేర్లు గీకించేశాడు. అంకె మాత్రమే ఉండాలి. ఎవరైనా చెరిపెయ్యమంటే కంప్యూటరులో చెరపాలి, అచ్చు పగలగొట్టాలి, పని అయిందని ఒక కాగితం మిగుల్చుకోవాలి. పగలగొట్టే పని నాది. కౌంటరులో కూర్చునే అమ్మాయి అంకెలు రాసిన చీటీ ఇస్తుంది. నేను ఆ అచ్చులు దించి గోతాంలో వేసి, పెంకులు కంట్లో పడకుండా మూతి కట్టి, పెరట్లో సుత్తితో కొడతాను. ఎవరివో నాకు తెలియదు. తెలియకూడదనే అంకెలు.

కొట్టు వెనక సందుని వరద గుంటలు గుంటలుగా కోసేసింది. పెంకులు ఆ గుంటల్లో పోసేవాణ్ణి. సందంతా తెల్లబడింది.

వానలు మళ్ళీ వచ్చి వెళ్ళాయి. ఏరు తగ్గాక దిగువన ఇసుక తవ్వేవాళ్ళకి ఎముకలు దొరికాయి. తల, దవడ, ఇంకొన్ని. బట్ట లేదు, గుత్తి లేదు. వరదలో పోయినవాళ్ళ ఇళ్ళకి మార్చురీ నుంచి కబురు వెళ్ళింది. చెల్లెలు వెళ్ళింది. అక్కడి గుమస్తా అన్ని ఇళ్ళవాళ్ళనీ అడిగినట్టే ఆమెనీ అడిగాడట, ఎప్పుడైనా పళ్ళు కట్టించుకున్నాడా అని. కట్టించుకున్నాడు అంది. అయితే ఆ అచ్చు తీసుకురామ్మా, వెనక పళ్ళతో పోల్చి చూస్తే తేలిపోతుంది అన్నాడట. రక్తం పరీక్ష మాటేమిటి అంటే, దానికి పెద్ద ఆసుపత్రికి పంపాలి, ఈయనే అయ్యుండొచ్చని మొదట ఏదో ఒక ఆధారం ఉంటేనే తీసుకుంటారు అన్నాడట.

అక్కణ్ణుంచి నేరుగా కొట్టుకి వచ్చింది. నడిచి వచ్చింది కాబోలు, చెప్పుల నిండా ఇసుక. నేను మైనం కాస్తున్నాను.

"అన్నయ్యా, ఆయన అచ్చు కావాలి" అంది. "దొరికాడేమో అంటున్నారు. ఔనో కాదో తెలిస్తే చాలు. ఔనంటే మట్టిలో పెట్టుకుంటాను. ఏడాదిగా నేను పెళ్ళాన్నో కానో తెలియకుండా ఉన్నాను."

నేను మంట తగ్గించి ఆమెని చిన్న యజమాని దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. చెడ్డవాడు కాదు. వాళ్ళ నాన్న పోయినప్పుడు పాడె నా చేత మోయించాడు.

"అక్కా, నీకు ఇవ్వడానికి నాకేం అడ్డం? చట్టమే అడ్డం. ఆయన వివరాలు ఆయనకే ఇవ్వాలి. పోయినవాళ్ళవైతే వారసులకి ఇవ్వొచ్చు. పోయినట్టు కాగితం ఉందా?"

"ఆ కాగితం కోసమే కదయ్యా అచ్చు అడుగుతున్నది. అచ్చు చూపిస్తేనే పోయినట్టు రాస్తామంటున్నారు వాళ్ళు."

"పోయినట్టు రాస్తేనే అచ్చు ఇవ్వాలి మేము."

బయట ఎవరో మోటారు సైకిలు తొక్కుతున్నారు, అది అందుకోవడం లేదు.

"ఇవ్వు బాబూ" అన్నాను.

చిన్న యజమాని నా వైపు చూశాడు. నేను ఆయన్ని ఏదైనా అడగడం అదే మొదలు. తల గోక్కున్నాడు.

"సరే పెద్దాయనా. పోలీసుల దగ్గర నుంచి ఒక ముక్క రాయించుకుని సర్దుతాను. ముందు ఉందో లేదో చూడమ్మా" అని కౌంటరు అమ్మాయికి చెప్పాడు.

ఆ పిల్ల కంప్యూటరులో చూసింది. మళ్ళీ చూసింది. గోళ్ళు కొరుక్కుంది.

"లేదండీ. డిలీట్ అయిపోయింది."

"వరదలో పోయిందా?"

"కాదండీ. రిక్వెస్టు వచ్చింది. మొన్న ఎండాకాలం. అంతా చెరిపెయ్యమని ఆయనే అడిగారు."

"ఎవరు?" అంది చెల్లెలు.

"ఆయనేనండీ. కస్టమరే. ఆయన ఫోను నుంచే వచ్చింది. మేము కోడ్ పంపితే అది కూడా తిరిగి కొట్టారు. అచ్చు పగలగొట్టేసినట్టు కూడా ఉంది."

అంటే నేను పగలగొట్టినట్టు. ఎండాకాలంలో గోతాంలో వేసినవాటిలో అదొకటి. చేత్తో దించే ఉంటాను. నాకేమీ అనిపించి ఉండదు.

నేను చెల్లెలి వైపు చూశాను. ఆ ఫోను ఎండాకాలంలో ఎక్కడుందో నాకు తెలుసు. ఆమెకీ తెలుసు. బీరువాలో, లేదా దిండు కింద.

చిన్న యజమాని అప్పటికే కంగారు పడ్డాడు. "అక్కా, ఒకమాట. ఆ రిక్వెస్టు ఆయనే పెట్టాడు కదూ? ఎందుకంటే ఆయన పేరు చెప్పి ఇంకెవరైనా పెట్టి ఉంటే అది మోసం. పెట్టినవాళ్ళ మీద కేసు. సరిచూసుకోకుండా చెరిపినందుకు మా మీద జరిమానా. తెలిసీ దాచితే ఇంకా పెద్ద జరిమానా. పోలీసులకి నేనే చెప్పాలి. కొట్టు మూసుకోవాలి."

చెల్లెలు గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఆయనే పెట్టాడు. ఇంకెవరు పెడతారు?" అంది. "అయితే బతికే ఉన్నాడన్నమాట."

ఆశ కళ్ళు కప్పేసిందనుకున్నాను. మునిగిపోయేవాడికి గడ్డిపరక దొరికినట్టు ఈ మాట దొరికింది, ఫోను సంగతి మరిచిపోయింది పిచ్చిది అనుకున్నాను. నలుగురిలో ఏం చెప్తాను?

"మీ దగ్గర ఆయనవి ఇంకేమీ లేవా?" అని అడిగింది.

"చట్టప్రకారం ఒక్కటే ఉంచుకోవాలక్కా. చెరిపెయ్యమని అడిగారు, చెరిపేశాం అన్న కాగితం."

బయటికి వచ్చాక, "పెంకులేం చేస్తారు?" అంది. సందులోకి తీసుకెళ్ళి చూపించాను. కాసేపు నిలబడింది. చెప్పులు విప్పి, మళ్ళీ ఏమనుకుందో తొడుక్కుంది. పెద్ద ముక్కలు తప్పించుకుంటూ సందు అంచునే నడిచి రోడ్డెక్కింది.

మార్చురీకి నన్నూ రమ్మంది. వెళ్ళాను.

మార్చురీ ఆసుపత్రి వెనక ఉంటుంది. పైకప్పు రేకు. లోపల పంకా తిరుగుతోంది, గాలి రాదు. గుమస్తా టిఫిన్ డబ్బా పక్కకి నెట్టి లేచాడు.

"అచ్చు తెచ్చారా?"

"లేదు" అంది చెల్లెలు.

"ఈయనెవరు?"

"మా అన్నయ్య. పళ్ళు కట్టింది ఈయనే."

"అయితే ఇంకేం, అచ్చుని మించిన మనిషే వచ్చాడు! రండి పెద్దాయనా, చూసి చెప్పండి. మీరు ఔనంటే ఔనని రాసుకుంటా. పెద్ద ఆసుపత్రికి పంపడానికి ఆ ముక్క చాలు నాకు."

తల, దవడ రేకు పళ్ళెంలో ఉన్నాయి. అద్దాలు పెట్టుకుని చూశాను. ముందు పళ్ళు ఆ రెండే కాదు, అన్నీ రాలిపోయి ఉన్నాయి. ఏడాది నీళ్ళల్లో, ఇసుకలో ఉంటే రాలిపోతాయి. నేను కట్టినవి లేవు. వెనక దంతాలు మిగిలాయి. అవి ఎవరివైనా కావచ్చు. చేత్తో తీసుకున్నాను, తిప్పి చూశాను, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. జీవితమంతా దవడలతోనే గడిపాను. ఈ దవడ నాతో ఏమీ అనలేదు. ఎప్పుడూ ఊరుకోనివాడు ఒకవేళ ఇది అయితే, ఇప్పుడు ఊరుకున్నాడు.

"చెప్పండి" అన్నాడు గుమస్తా.

"తెలియడం లేదు."

"గట్టిగా చెప్పక్కర్లేదు లెండి. అలా అనిపిస్తోంది అన్నా చాలు."

అనిపించడం లేదు. అనిపించనూ కూడదు. ఔనని నోటికొచ్చింది చెప్తే ఇంకెవరి ఇంటి మనిషినో మేము పూడ్చుకున్నవాళ్ళం అవుతాం. నేను పళ్ళెంలో పెట్టేశాను.

"ఆయన కాదు లెండి" అంది చెల్లెలు, నా వెనకనుంచి. "ఆయన బతికే ఉన్నాడు. మొన్న ఎండాకాలంలో కొట్టువాళ్ళకి అర్జీ పెట్టాడట, నా వివరాలు చెరిపెయ్యండని."

గుమస్తా ఆమెని ఎగాదిగా చూశాడు. కొట్టుకి ఫోను చేశాడు. పోలీసుల పని మీద అడిగితే ఆ ఒక్క కాగితం చూపించవచ్చట. కాసేపట్లో అది ఆయన ఫోనులోకి వచ్చింది. చదివాడు. మొహం విప్పారింది.

"మంచి వార్తే కదమ్మా! ఇంతసేపూ చెప్పవేం? ఇలాంటివి చాలా చూశాను. వరదని అడ్డం పెట్టుకుని జారుకున్నవాళ్ళు. అప్పులో, ఇంకోటో. ముందు పేరు చెరిపేసుకుంటారు. ఏదో ఒకరోజు వస్తాడులే."

"వస్తాడు" అంది చెల్లెలు.

వరదలో తప్పిపోయినవాళ్ళ వరసలోంచి బావ పేరు కొట్టేశాడు. పళ్ళెం మీద గుడ్డ కప్పాడు. ఆ ఎముకలకి గడువు నిండిందట. ఎవరూ రాకపోతే పొద్దున పూడ్చేస్తారట.

చెల్లెలి ఇల్లు ఒక మేడ వెనక వాటా. ఇనప మెట్లెక్కాలి. మెట్ల కింద ఇస్త్రీ బల్ల పెట్టుకున్నామె ఉంటుంది. మమ్మల్ని చూసి పెట్టె నిలబెట్టింది. వార్త మాకంటే ముందే వచ్చింది.

"బతికున్నాడటగా! చల్లని కబురు" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఎవత్తి దగ్గర ఉన్నాడో ఏమో. మాటలు చెప్పే మగాడిని నమ్మకూడదని మా అమ్మ అనేది. ఏమీ అనుకోకు."

చెల్లెలు ఏమీ అనుకోలేదు. పైకి వెళ్ళిపోయింది.

మా మేనకోడలు నర్సు చదువు చదువుతోంది. పరీక్షలు రాసేసింది, నర్సుగా పనిచెయ్యడానికి రిజిస్ట్రేషను చీటీ చేతికి రావాలి. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది, ఇంకా తెల్లబట్టల్లోనే ఉంది. తల్లి జరిగింది చెప్పింది. కొట్టు, కాగితం, మార్చురీ. బట్టలు మడతపెడుతూ చెప్పింది, వేరే ఎవరి సంగతో చెప్పినట్టు.

పిల్ల గోడకి ఆనుకుంది. మెల్లగా కిందికి జారి కూర్చుంది.

"నేనేనమ్మా" అంది.

చెల్లెలు మడత ఆపలేదు.

"నేనే పంపాను. నెలనెలా కొట్టునుంచి మెసేజి వచ్చేది కదా. మీ చిరునవ్వు మాకు ముఖ్యం, పళ్ళు చూపించుకోడానికి ఎప్పుడొస్తున్నారు అని. ఫోను టింగుమనగానే నువ్వు పొయ్యి మీద గిన్నె వదిలేసి పరిగెత్తేదానివి. చదివి మళ్ళీ మూలన కూర్చునేదానివి. చూడలేకపోయానమ్మా. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు తీశాను. ఆపండి అని ఒకటుంది, అంతా చెరిపెయ్యండి అని ఒకటుంది. ఆపండి అంటే మళ్ళీ మొదలెడతారేమో అనుకున్నా. మొత్తం చెరిపేస్తే ఇక రానే రాదు కదా అనుకున్నా. అచ్చు కూడా పగలగొడతారని నాకేం తెలుసు?"

"తెలుసు" అంది చెల్లెలు.

"నాకు తెలియదమ్మా, నిజంగా."

"నీకని కాదే. నాకు తెలుసంటున్నా. ఫోను నా దిండు కింద ఉంటే ఆయనెలా పంపుతాడు? ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేను పంపలేదు. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే తెలిసింది."

నాకు అప్పటికి తలకెక్కింది. కొట్టులో బతికే ఉన్నాడన్నప్పుడు ఆమెకి ఆశ పుట్టలేదు. ఉన్న ఆశ కూడా అప్పుడే తీసి పక్కన పెట్టేసింది.

"మరి ఎందుకు అలా చెప్పావ్?" అని పిల్ల లేచింది. "రేపు పొద్దున్నే వెళ్తాను. కొట్టుకి వెళ్ళి చెప్తాను, మార్చురీకి వెళ్ళి చెప్తాను. నేనే పంపాను, మా నాన్న కాదు అని. నాన్న ఇల్లు వదిలి పారిపోయాడంటే నేను ఊరుకోను. కింద ఆవిడ అన్నది పైకి వినిపించింది."

"చెప్పు. కేసు పెడతారు. నర్సు చీటీ ఇవ్వరు. ఇన్నేళ్ళు చదివింది ఏట్లో కలుస్తుంది. కొట్టు మూతపడుతుంది, మీ మామయ్య ఇంటికొచ్చి కూర్చుంటాడు. ఆ తర్వాత?"

"ఆ తర్వాత నాన్నని మనకిస్తారు."

"ఏది చూసి ఇస్తారు?"

పిల్ల నా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"మామయ్యా, నువ్వు చెప్పు. ఏదో ఒక దారి ఉంటుంది కదా. ముక్కలు ఏరి అతికించలేవా? నువ్వు ఎన్ని అతికించలేదు? మళ్ళీ పొయ్యలేవా అచ్చు? నీ చేత్తో చేసిందేగా."

నోరు ఉంటే అచ్చు తియ్యొచ్చు. నోరు లేదు. సందులో పోసిన పెంకులు ఊరందరివీ కలిసిపోయి ఉన్నాయి, వాటి మీద బళ్ళు కూడా తిరిగాయి. నేను ఉత్తినే మార్చురీకి వెళ్ళి ఔను ఆయనే అని ఇప్పుడు చెప్పినా, మొన్న ఎండాకాలంలో అర్జీ పెట్టినవాడు అంతకుముందు వానల్లో ఎలా పోయాడు పెద్దాయనా అంటారు. ఎటు తిరిగినా ఆ కాగితమే. అది పోవాలంటే ఆయన వచ్చి నేను అడగలేదని చెప్పాలి. చచ్చినవాడు వచ్చి చచ్చానని సంతకం పెట్టాలి. ఇదంతా చెప్పొచ్చు. నాకు అన్ని మాటలు రావు.

"రాదమ్మా" అన్నాను. "పోయిన అచ్చు రాదు."

నేను మాట్లాడేది తక్కువ కాబట్టి మాట్లాడితే నిజమేనని పిల్లకి వాళ్ళ నాన్న చిన్నప్పటి నుంచీ నూరిపోశాడు. నమ్మేసింది. తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. చెల్లెలు దాని జుట్టు సవరిస్తూ కూర్చుంది. తను ఏడవలేదు. మొగుడు బతికున్న మనిషి కదా, ఏడిస్తే ఇస్త్రీ ఆమె వింటుంది.

నేను లేస్తుంటే గుమ్మం దాకా వచ్చింది.

"అన్నయ్యా, ఆ పళ్ళెంలోది... నీకు నిజంగా తెలియలేదా? పిల్ల కోసం, నా కోసం చూసి అలా అన్నావా?"

"తెలియలేదు."

"సరే" అంది. "పొద్దున పూడ్చే చోటికి నేను రాకూడదు. ఎవరైనా చూస్తే ఎందుకొచ్చావంటారు." కాస్త ఆగింది. "ఆ ఫోనుకి ఇంక డబ్బు కట్టను. ఎవరు చేస్తారు దానికి."

తలుపు వేసింది. లోపల బావ బిగించిన గడియ. ఒక్కసారికే పడుతుంది, చప్పుడు రాదు.

మర్నాడు పొద్దున కొట్టుకి వెళ్ళేముందు పాత రైలు గేటు దాటి, దిక్కులేనివాళ్ళని పూడ్చే చోటుకి వెళ్ళాను. తవ్వేవాడు ఒక్కడే ఉన్నాడు. గొయ్యి చిన్నదే తవ్వాడు. తోపుడుబండి మీద తెల్లగుడ్డ మూట ఉంది.

"నీకేమవుతాడు పెద్దాయనా?" అన్నాడు.

"తెలియదు."

"తెలియకపోతే పొద్దున్నే ఇంతదూరం ఎందుకొచ్చావ్?"

ఆయన బీడీ ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు.

"వచ్చావుగా, పట్టు ఒక చెయ్యి."

పట్టాను. బరువు లేదు. తల ఎటు పెట్టాలి అని అడిగాను.

"మూటకి తలేమిటి? ఎటైనా ఒకటే" అన్నాడు.

దించాం. ఒక గుప్పెడు మట్టి వేశాను. మిగతాది ఆయన పారతో వేశాడు. మీద ఒక రేకు గుచ్చాడు. దాని మీద పేరు లేదు, అంకె ఉంది. ఆ అంకె చదువుకున్నాను. చెల్లెలు అడగలేదు, నేను చెప్పలేదు.

కొట్టుకి వెళ్ళేసరికి కౌంటరు అమ్మాయి చీటీ ఇచ్చింది. ఆ రోజు చెరిపెయ్యాల్సినవి. ఒక్కొక్కటే అర మీద నుంచి దించాను. ఈసారి వెలుగులో పెట్టి చూశాను. ఎవరివో తెలియలేదు. గోతాంలో వేసి మూతి కట్టి పెరట్లో కొట్టాను. పెంకులు సందులో గుంటలో పోసి, కాలితో అణిచాను.